చిల్లు సంచియు, పెట్రోలు లెక్కయు

ధ్యాన భాగములు: హగ్గయి 1:5–7, సామెతలు 18:13, యాకోబు 5:4



చెరనుండి తిరిగివచ్చిన యూదా జనులు కష్టపడి కూలి సంపాదించుచుండిరి. అయినను ఆ కూలి చిల్లులు పడిన సంచిలో వేసినట్లు కారిపోవుచుండెను. అప్పుడు హగ్గయి ప్రవక్త వారితో చెప్పినదేమి? పొరుగువానిని పట్టుకొని నిలదీయుడని ఆయన చెప్పలేదు. తమ నడతను తామే పరిశీలించుకొనవలెనని చెప్పెను.

అయితే మానవ స్వభావము వేరుగా నున్నది. సంచికి చిల్లు ఎక్కడనున్నదో చూడకమునుపే, దొంగ యెవడని అడుగుదుము. వడ్ల బస్తా తగ్గినయెడల ఎలుక కొరికిన తూటును చూడక జీతగానిని అనుమానింతుము. మడిలో నీరు నిలువనియెడల గట్టుకు ఎండ్రకాయ చేసిన బొక్కను చూడక పై మడివానితో తగవులాడుదుము. ఈ నెల ఇట్టి చిల్లు ఒకదానిని గూర్చి ధ్యానింతము. అది పాత కారు యొక్క పెట్రోలు లెక్క.

పల్లెటూరి సంఘమునకు కారు సంగతి ఏల అని కొందరు అడుగవచ్చును. మన పల్లెల యౌవనస్థులు అనేకులు హైదరాబాదునకు పోయి ఇతరుల కార్లు నడిపి జీవనము చేయుచున్నారు. పెట్రోలు లెక్క తప్పిన దినమున నింద మొదట పడునది వారిమీదనే.

ఒక గృహమును ఊహించుకొనుడి. అశోక్‌నగరులో ఉద్యోగ విరమణ చేసిన పెద్ద మనుష్యుడొకడు కాపురమున్నాడు. ఆయన యొద్ద పాత మారుతి 800 కారు ఉన్నది. 1983లో మొదలైన ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను ఆ బండ్లు కొన్ని ఇంకను తిరుగుచున్నవి. ఉదయమున మనుమలను బడికి దించుట, చిక్కడపల్లి బజారునకు పోవుట, సాయంకాలమున నారాయణగూడలోని వై.ఎం.సి.ఏ. వైపునకు పోవుట, ఆదివారమున ఆలయమునకు పోవుట, ఇవి ఆ కారు పనులు. నెలకు సుమారు 600 కిలోమీటర్లు తిరుగును. దానిని నడుపువాడు మన పల్లె బిడ్డ.

లీటరునకు 14 కిలోమీటర్లు ఇచ్చిన కారు 10 కిలోమీటర్లకు దిగెను. నెలకు 43 లీటర్లు చాలుచోట 60 లీటర్లు పట్టుచున్నది. ఆ 17 లీటర్ల ధర, లీటరు నూరు రూపాయలు దాటిన ఈ దినములలో, 1,700 రూపాయలకు పైమాట. ఇంటి యజమానుడు తన భార్యతో, "పెట్రోలు కారు త్రాగుట లేదు, మనిషి త్రాగుచున్నాడు" అనెను. నెల జీతములో 1,500 రూపాయలు పట్టుకొనెను. "సారూ, నేను ఒక్క చుక్క ముట్టలేదు" అని ఆ బిడ్డ చెప్పగా, "మరి ఎవరు త్రాగిరి?" అని అడిగెను. ఆ ప్రశ్నకు వాని యొద్ద ఉత్తరము లేదు. చేయని నేరమునకు సాక్ష్యము తెచ్చుట ఎవనికి సాధ్యము? పోతీఫరు ఇంటిలో యోసేపు విడిచి పారిపోయిన వస్త్రమే అతనికి విరోధముగా సాక్ష్యమైనది. దానిని పరీక్షించినవాడు లేడు.

ప్రియులారా, ఇట్టి సమయమున తీర్పు తీర్చుటకు ముందు చేయవలసినవి మూడు కలవు.

మొదటిది, సరిగా కొలుచుట. తన సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ఆ పెద్ద మనుష్యుని 14 ఎక్కడిది? ఎన్నో ఏండ్ల క్రిందటి జ్ఞాపకము. 10 ఎక్కడిది? పెట్రోలు ముల్లు చూచి వేసిన అంచనా. జ్ఞాపకమును ఒక తట్టలోను అంచనాను మరియొక తట్టలోను వేసి తూచుట న్యాయమైన తూనిక కాదు. కొలిచే విధమిది: బంకులో ట్యాంకు నింపించి, పంపు తనంతట తాను ఆగినచోటనే ఆపి, మీటరు అంకె వ్రాసికొనవలెను. కనీసము 250 కిలోమీటర్లు నడిచిన పిమ్మట అదే బంకులో అదే విధముగా మరల నింపించవలెను. నడిచిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగించవలెను. ఒక్కసారి చాలదు, రెండు మూడు సార్లు చూడవలెను.

దారి కూడ కొలతలో భాగమే. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కునుండి వి.ఎస్.టి. వరకు ఉక్కు వంతెన తెరువబడినది. ఆ వంతెనమీద పోయిన దినమును, క్రింద ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు సిగ్నళ్లయొద్ద నిలిచిన దినమును ఒకటి కావు. అరగంట నిలిచియున్న ఇంజను ఒక్క అడుగైనను కదలక పావు లీటరునుండి అర లీటరు వరకు కాల్చివేయగలదు. చిక్కడపల్లికి పోయి వెంటనే మరలివచ్చు పొట్టి ప్రయాణములలో ఇంజను సరిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ పట్టును.

పెట్రోలు కూడ మారినది. 2025 నాటికి మన దేశమందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు అంతటను వ్యాపించినది. లీటరునకు లీటరు చూచినయెడల ఇథనాలులో పెట్రోలుకంటె మూడవ వంతు శక్తి తక్కువ. ఈ మిశ్రమమునకై తయారుకాని పాత కార్లలో మైలేజీ నూటికి 6 లేక 7 పాళ్లు తగ్గునని నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన నివేదిక అంచనా వేసినది. అనగా 14 ఇచ్చిన బండి 13 ఇచ్చును. అది ఎవరి దొంగతనమును కాదు. అయితే 13నుండి 10కి దిగుట ఇథనాలు పని కాదు. ఆ మూడు కిలోమీటర్లకు వేరొక కారణము ఉండవలెను.

రెండవది, వరుసగా వెదకుట. యోసేపు గృహనిర్వాహకుడు వెండి గిన్నెను వెదకినప్పుడు పెద్దవాని సంచితో మొదలుపెట్టి చిన్నవాని సంచివరకు వరుసగా చూచెను. గిన్నె బెన్యామీను సంచిలో దొరికెను. అయినను బెన్యామీను దొంగ కాడు. దొరికిన వస్తువు కూడ మనుష్యుని నేరమును ఋజువు చేయజాలదనుటకు ఇది మనకు బుద్ధి చెప్పుచున్నది. దొరకకయే నిందించువాడు ఇంకెంత జాగ్రత్తపడవలెను!

కారు విషయములో డబ్బు ఖర్చుకానివి ముందు చూడవలెను. పెట్రోలు వాసన వచ్చుచున్నదా? పాత రబ్బరు గొట్టములు పగిలి కారుచున్నయెడల ఆ దినమే బాగుచేయింపవలెను. అది ఖర్చు మాట కాదు, ప్రాణము మాట. టైర్లలో గాలి సరిగా నున్నదా? గాలి తగ్గుట మైలేజీని కొద్ది పాళ్లు మాత్రమే తగ్గించును గాని, అది తరచుగా కనబడు లోపము. చక్రములు తేలికగా తిరుగుచున్నవా? కొంత దూరము పోయి ఆపిన పిమ్మట ఒక చక్రము తక్కినవాటికంటె మిక్కిలి వేడిగా నున్నయెడల అక్కడ బ్రేకు పట్టుకొనియున్నదని గ్రహింపవలెను. ఇంజను వేడి చూపు ముల్లు ఎప్పుడును అడుగుననే యున్నదా? బండి వేడెక్కుచున్నదని కొందరు థర్మోస్టాట్‌ను తీసివేయుదురు. అప్పుడు ఇంజను తనకు కావలసిన 80 డిగ్రీల వేడికి త్వరగా రాదు. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావలెను. వేడిని తెలుపు సెన్సారు చెడినను ఫలితము అదే. పూర్వపు కార్బ్యురేటరు బండ్లలో చోక్ మూసికొనిపోయినను అంతే.

వీటి తరువాతనే ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఆక్సిజన్ సెన్సారు. ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినయెడల కార్బ్యురేటరు బండి మైలేజీ తగ్గును గాని, ఇంజెక్షన్ బండిలో ఆ భేదము స్వల్పము. ఆక్సిజన్ సెన్సారు అట్లు కాదు. చెడిన సెన్సారు వంటి పెద్ద లోపమును సరిచేసినయెడల మైలేజీ 40 శాతము వరకు మెరుగుపడవచ్చునని అమెరికా ఇంధన శాఖవారు చెప్పుచున్నారు. చేతిలో ఇమిడిపోవు చిన్న వస్తువు ఇంత త్రాగగలదని తెలిసినవాడు మనుష్యునిమీద తొందరపడి నింద వేయునా?

మరియొక సంగతి జ్ఞాపకముంచుకొనుడి. మెల్లమెల్లగా తగ్గినది సాధారణముగా అరుగుదలవలన తగ్గును. అకస్మాత్తుగా తగ్గినదానికి ఒక దినము, ఒక కారణము ఉండును. కాబట్టి, తగ్గకముందు మారినదేమి అని అడుగవలెను.

మూడవది, వినుట. సంగతి వినకముందు ఉత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచుకొనునని సొలొమోను హెచ్చరించెను. ప్రతిదినము స్టీరింగు పట్టుకొను మనుష్యుని, "నీవు తీసితివా?" అని అందరును అడిగిరి గాని, "బండి ఎట్లున్నది?" అని ఒక్కరును అడుగలేదు. అడిగియున్నయెడల వాడు చెప్పియుండును: "సారూ, వానల్లో చేతి బ్రేకు వేసి పది రోజులు బండి నిలబెట్టినాము గదా, అప్పటినుంచి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు పోతున్నది. కాలు తీస్తే దానంతట అదే ఆగుతున్నది."

అప్పుడు మెకానిక్కు జాకీ పెట్టి వెనుక చక్రములను ఎత్తి చేతితో త్రిప్పును. ఎడమ చక్రము తిరుగదు. వాన నీటికి చేతి బ్రేకు తీగ తుప్పుపట్టి, బ్రేకు సగము పట్టియే యున్నది. దానిని బాగుచేసి మరల కొలిచినప్పుడు 13 వచ్చును, 14 రాదు. పోయిన నాలుగు కిలోమీటర్లలో ఒకటి ఇథనాలు పాలు, మూడు తుప్పు పాలు. డ్రైవరు పాలు ఏమియు లేదు.

లెక్క ఇక్కడ ముగిసినది గాని, ధర్మము ఇంకను మిగిలియున్నది. పట్టుకొన్న 1,500 రూపాయలు ఏమగును? బిగపట్టిన కూలివాని జీతము దేవుని చెవులవరకు మొరపెట్టునని యాకోబు వ్రాసెను. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇచ్చెదననెను. డబ్బు తిరిగి ఇచ్చుట సులభము. మాట తిరిగి తీసికొనుట కష్టము. భార్య యెదుట అన్న మాటను భార్య యెదుటనే తీసివేయవలెను. ఇరుగుపొరుగువారు విన్నయెడల వారి యెదుట తీసివేయవలెను. లేనియెడల ఆ బిడ్డ మరియొక ఇంటికి పనికి పోయినను, ఆ నింద వానికంటె ముందుగా ఆ గుమ్మము చేరును.

పెట్రోలు దొంగిలించువారు లోకములో లేరని మనము చెప్పుట లేదు. ఉన్నారు. అయితే సరియైన కొలత నమ్మకస్థుని కాపాడును, అపనమ్మకస్థుని బయలుపరచును. అనుమానము ఈ రెండును చేయజాలదు. కాబట్టి నగరములో బండ్లు నడుపు మన కుమారులకు ఈ మాట వ్రాసి పంపుడి: ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడి. పెట్రోలు పోయించిన తేది, మీటరు అంకె, లీటర్లు, రూపాయలు వ్రాసి బంకు రసీదును దానిలో ఉంచుడి. వారమునకొకసారి యజమానునికి చూపుడి. బండిలో క్రొత్త శబ్దము గాని బరువు గాని తోచినయెడల అడుగకమునుపే చెప్పుడి.

మన సంఘములకును ఇదే చెప్పవలసియున్నది. కానుకలు తగ్గిన నెలలో కోశాధికారి ముఖము చూచుటకు ముందు, ఆ ఏట వానలు పడెనా, పంట అమ్ముడుపోయెనా, ఎన్ని కుటుంబములు వలసపోయెను అని లెక్కింతము. ఇంటిలో నగ కనబడనియెడల కోడలిని అడుగుటకు ముందు పెట్టె అడుగు చూతము. ఇట్టి అనుమానములవలన విడిపోయిన అన్నదమ్ములను మీరు మీ ఊరిలోనే ఎరుగుదురు.

న్యాయాధిపతియైన దేవుడు మన తూనికలను సరిచేయును గాక. తొందరపడి అన్న మాటను వెనుకకు తీసికొను ధైర్యమును మనకు దయచేయును గాక. పట్టణములో ఒంటరిగా నిందను భరించుచున్న మన బిడ్డలకు ఆయన తోడైయుండును గాక. ఆమేన్.