ఎడారిలో సాయంత్రం

కిందటి శీతకాలం నేను భార్యాపిల్లలతో దుబాయి వెళ్ళాను. అక్కడికి పోయినవాళ్ళందరూ చూసేదే మేమూ చూశాం: సాయంత్రపు ఎడారి సఫారీ. దాన్ని వర్ణించటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దానివల్ల నాకొక ప్రశ్న పుట్టింది. మరొకరి చాకిరీ మీద నిలబడ్డ అందాన్ని చూసి ఆనందించటం తప్పా?

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హైదరాబాదు పాతబస్తీలో "సఫర్" అంటే తెలియనివారుండరు. సఫర్ చేసేవాడు ముసాఫిర్. ఈ అరబ్బీ మాటే తూర్పు ఆఫ్రికా చేరి స్వాహిలీలో సఫారీ అయింది. తెల్లదొరల నోట పడి వేట అయింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకు వేటకు పోయినప్పుడు ఆయన సామాను మొయ్యటానికి రెండు వందలమందికి పైగా కూలీలు వెంట నడిచారు. వాళ్ళు చేసిందీ సఫరే. కాని ఇద్దరి ప్రయాణమూ ఒకటి కాదు.

మధ్యాహ్నం మూడు దాటాక మా కారు బయలుదేరింది. ఆ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించరాదని నిబంధన ఉన్నది. మిగతా పగలంతా చేయించవచ్చు. ఎండ చల్లారిన ఎడారి యాత్రికులకు, కాలుతున్న ఎడారి పనివాళ్ళకు వచ్చింది.

కారు నడిపే అతను ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తీశాడు. అతని మాటలో "నక్కో" వినబడగానే మాది ఒకే ఊరని తెలిసిపోయింది. అతనిది యాకుత్‌పురా. నేను పాతబస్తీ కాలేజీలో తెలుగు చెబుతానని తెలిసి సంతోషించాడు. పొద్దు కుంకుతుంటే మేమంతా ఇసుకదిబ్బ మీద నిలబడి పడమటికి చూశాం. బంగారం రంగు ఇసుక ఎరుపెక్కి, ఊదాగా మారింది. నేను నిజంగా పరవశించాను. ఆ పరవశం అబద్ధమని ఇప్పుడూ అనను.

రాత్రి మమ్మల్ని హోటలు దగ్గర దించాక, ఇంటి గుర్తులు చెప్పి, వాళ్ళమ్మకొక చిన్న పొట్లం అందిస్తానా అని అడిగాడు. కిలో కూడా ఉండదన్నాడు. మా సామాను బరువు ఇప్పటికే ఎక్కువైందన్నాను. నిజమే, ఖర్జూరాలూ అత్తర్లూ కొనిపెట్టుకున్నాం. "కోయి బాత్ నై, సాబ్" అన్నాడు. అతని చేతిలో కొంత డబ్బు పెట్టాను. తీసుకున్నాడు.

తెలియనివారి పొట్లాలు విమానంలో తేకూడదని ఎవరైనా చెబుతారు. ఆ జాగ్రత్త సరైనదే. కాని నేను కాదన్నది ఆ కారణంతో కాదు. అది నాకు గదిలోకి వెళ్ళి పడుకున్నాక తోచింది.

ఇటువంటి విషయాల్లో రెండు వాదాలు వినబడతాయి. మన డబ్బువల్లే వాళ్ళకు పని దొరుకుతున్నది, కనక మనం చేసేది ఉపకారమే అనేది మొదటిది. రూజ్‌వెల్ట్ కూలీల గురించి కూడా ఈ మాట అనవచ్చు. ఏ యజమాని అయినా తన కూలీల గురించి అనవచ్చు. అన్ని అన్యాయాలకూ సరిపోయే సమర్థన దేన్నీ సమర్థించదు. పైగా వెల చెల్లించటంతో మనిషి పట్ల మన బాధ్యత తీరిపోయినట్టు భావించటం మార్కెట్టు మనకు నేర్పిన నీతి. మనుషుల మధ్య సంబంధం సరుకుల మధ్య సంబంధంగా కనబడుతుందని మార్క్సు 1867లోనే రాశాడు. అది చదివి, పాఠాల్లో చెప్పి కూడా నేను చేసింది అదే. అతను వెలకు లొంగని కోరిక ఒక్కటి కోరాడు. దానికి నేను వెల ఇచ్చాను.

రెండో వాదం: అటువంటి వినోదాలకు పోనేకూడదు. ఇందులో నిజాయితీ ఉన్నది. కాని నేను పోకపోతే అతని పనిగంటలు తగ్గవు. నా చేతులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. తన చేతుల శుభ్రతే నీతి అనుకునేవాడు కూడా ఒకరకంగా తననే చూసుకుంటున్నాడు.

మరి మార్పు ఎలా వస్తుంది? ఆ దేశంలోనే ఒంటె పందేలకు పసిపిల్లల్ని ఎక్కించేవారు. పేదదేశాల పిల్లలు. ఆ దారుణాన్ని కొందరు బయటపెట్టారు, లోకం నిలదీసింది. 2005లో పిల్లల్ని నిషేధించారు. ఇప్పుడు ఒంటె మీద యంత్రం కూర్చుంటుంది. పందెం చూసేవాళ్ళ మనసు కరగటంవల్ల అది జరగలేదు.

దుబాయి దాకా పోనక్కర్లేదు. సాయంత్రమైతే చార్మినారు దగ్గర యాత్రికులు మన ఊరినీ అలాగే చూస్తారు. లాడ్‌బజారు దీపాల్లో లక్కగాజులు తళతళలాడతాయి. నిప్పుల మీద లక్క మెత్తబరిచి, కాలుతున్న గాజుకు రాళ్ళు అద్దే వేళ్ళు ఆ వెలుగులో కనబడవు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాలనుంచి పోలీసులు రెండు వందలమందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహారువాళ్ళు. నేను ఏళ్ళ తరబడి బంధువులను వెంటబెట్టుకుని ఆ బజారు చూపించాను. అక్కడ నేనే సఫారీ నడిపాను.

కనక నా జవాబు ఇది. సూర్యాస్తమయాన్ని చూసి ఆనందించటం తప్పు కాదు. అది ఎవరి సొత్తూ కాదు. ఆ ఆనందం చెడకుండా ఉండటానికి పక్కనున్న మనిషిని చూడకపోవటం తప్పు. చూసినవాడు ప్రశ్నలడుగుతాడు: జీతమెంత, పాసుపోర్టు ఎవరి దగ్గరున్నది, యజమానిని మార్చుకునే హక్కున్నదా? ఈ ప్రశ్నలు నలుగురూ అడిగితే అది దయ కాదు, రాజకీయం.

తిరిగి వచ్చిన నెలకు యాకుత్‌పురా వెళ్ళి ఆ ఇల్లు వెతికి పట్టుకున్నాను. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చింది. పొట్లం సంగతి నేనే చెప్పాను; ఆమె ఏమీ అనలేదు. కొడుకు ఎక్కడ పడుకుంటాడు, గదిలో ఎంతమంది ఉంటారు అని మాత్రం అడిగింది. ఆరుగంటలు అతని పక్కన కూర్చుని ప్రయాణం చేసినవాణ్ణి. ఇసుక ఎన్ని రంగులు మారుతుందో చెప్పగలను. ఆమె అడిగింది నాకు తెలియదు.