ముఖం మారినా అమృతమే

జెమిని టీవీలో ఆదివారం రాత్రుళ్లు వచ్చిన ‘అమృతం’ సీరియల్ 2001 నవంబరులో మొదలై 2007 దాకా సాగింది. అమృతం, అంజి అనే ఇద్దరు పెట్టుకున్న హోటల్, అందులో పనిచేసే సర్వం అనేవాడు, ఇంటి ఓనరు అప్పాజీ, వీళ్ల కథే అది. ఆత్మకూరులో మాదీ చిన్న టిఫిన్ హోటలే, కాబట్టి ఇంటిల్లిపాదీ వదలకుండా చూసేవాళ్లం.

అమృతం వేషం మొదట శివాజీరాజా వేశారు, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముఖం, గొంతు, నడక అన్నీ మారాయి. అయినా మాకు అతను అమృతమే. మరి మారనిది ఏమిటి?

గీత రెండో అధ్యాయం అది ఆత్మ అంటుంది, దేహం విడిచిన బట్టలాంటిదంటుంది. దీనికి ఎదురుమాట కూడా ఉంది. మా ఊరి దగ్గరి జూరాల ఆనకట్ట దాటిన కృష్ణమ్మ దిగువన నాగార్జునకొండ లోయను ముంచింది. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో అక్కడ విహారాలు కట్టుకున్న బౌద్ధులు మారని ఆత్మంటూ లేదన్నవాళ్లు. నాకు ఇద్దరి మాటా సగమే అనిపిస్తుంది. అంజిగా గుండు హనుమంతరావు గారు మారలేదు కదా. ఆయన పిలిస్తే పలికినవాడే అమృతం.

నాన్న పోయాక గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. ఉగ్గాణి మీద పుట్నాల పొడి చల్లి, ఆయనలాగే చెయ్యి విదిలిస్తాను. ముసలి రైతులు ఇప్పటికీ నాన్న పేరు పెట్టే పిలిచి బజ్జీలు అడుగుతారు. సరిదిద్దను, పలుకుతాను. అప్పుడు నాన్న ఉన్నట్టేనని నా నమ్మకం. ఆ పిలిచేవాళ్లూ పోతే ఆయన ఎక్కడుంటాడు? అందుకే గీతను ఇంకా పక్కన పెట్టలేదు.