బిగిస్తే చాలా?



అల్ మవాలేలో ఒక తోట నీళ్ల పంపు ఆగిపోయిందనుకుందాం. ఇంజిన్ హోండా జీఎక్స్ 160. దానికి కావలసిన స్పార్క్ ప్లగ్ ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్. షాపులో బీపీఆర్6హెచ్ఎస్ మాత్రమే ఉంది. రెండింటి మర లావు 14 మిల్లీమీటర్లే, ఒకే పానాతో బిగుస్తాయి. తేడా మర పొడవులో ఉంది: మొదటిది 19, రెండోది 12.7 మిల్లీమీటర్లు. పొట్టిది వేస్తే ఇంజిన్ స్టార్ట్ కావచ్చు. కానీ నిప్పురవ్వ ఉండాల్సిన చోట ఉండదు, మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది.

“నడిచింది కదా, తప్పేముంది?” అని ఎవరైనా అడగవచ్చు. పంపు యజమానికి ఆ ఒక్క అక్షరం తేడా తెలియదు, మనకు తెలుసు. మన తెలివిని నమ్మే అతడు డబ్బిస్తున్నాడు. అలాంటప్పుడు ఊరుకోవడం కూడా అబద్ధమే. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చెప్పేది ఇలాంటి నమ్మకం గురించే.

గల్ఫ్‌లో మెకానిక్ పని చేసే మన సహోదరులకు ఇది తేలిక కాదు. “ఏదో ఒకటి వేసి పంపు” అని కఫీల్ అంటే వీసా, ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తొస్తాయి. ఆ భయం నిజమైనదే. అయినా గొడవ పడకుండానే ఒక మాట చెప్పవచ్చు: “ఇది దీని ప్లగ్ కాదండీ, సరైనది తెప్పించాలి.” ఆగాలో వద్దో ఆ తర్వాత యజమాని తెలిసే నిర్ణయించుకుంటాడు.