సరిపోతుందా?

పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికి, నా దగ్గర ఏడేళ్లుగా ఫిడేలు నేర్చుకుంటున్న అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ల అమ్మా నాన్నా వచ్చారు. తల్లి చేతిలో ఒక దరఖాస్తు. చెన్నై దగ్గర మే నెలలో 28 రోజుల సంగీత శిబిరం, అక్కడే ఉండి నేర్చుకోవాలి. తండ్రి ఫోన్‌లో ఒక జూనియర్ కాలేజీవాళ్లు పంపిన మెసేజీ. వాళ్ల బ్రిడ్జి కోర్సు కూడా మే నెలలోనే. ఇంట్లో తేలక నా దగ్గరికొచ్చారు.

"మీరెలా చెప్తే అలా, టీచరుగారూ. ఈ శిబిరం మా పిల్లకి సరిపోతుందా?"

పిల్ల పక్కనే కూర్చుని తీగెల మీద పడ్డ రోజిన్ పొడి గుడ్డతో తుడుస్తోంది. తననెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. "రెండ్రోజులు ఆలోచించి చెప్తాను" అని పంపించేశాను.

ఆలోచించడానికి ఏముంది? మంచి అవకాశం, పంపండి అని అప్పుడే అనొచ్చు. నోరు రాకపోవడానికి రెండు కారణాలున్నాయి, రెండూ ఒప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. ఒకటి అసూయ. నేను దిద్దిన చెయ్యి అది. నెల తిరిగేసరికి ఇంకెవరిదో బాణీ పట్టుకొచ్చి, నా పాఠం చప్పగా ఉందన్నట్టు చూస్తుందేమోనని భయం. రెండోది ఇంకా బరువైనది. ఈ పిల్ల బాగా వాయిస్తుంది. కచేరీ విద్వాంసురాలు అవుతుందా అంటే నాకు తెలీదు. నేను "సరిపోతుంది" అంటే వాళ్లకి "మీ అమ్మాయి గొప్పదవుతుంది" అని వినిపిస్తుంది. మేం శిబిరం గురించి మాట్లాడతాం, తల్లిదండ్రులు భవిష్యత్తు గురించి వింటారు.

విజయనగరంలో సంగీతం నేర్చుకున్నవాళ్లకి ద్వారం వెంకటస్వామినాయుడుగారి కథ చెప్పక్కర్లేదు. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని 26 ఏళ్ల వయసులో వెళ్తే, ఆయన వాయింపు విని ఆచార్యుడిగానే తీసుకున్నారని చెప్తారు. అందరూ దీన్ని ప్రతిభ కథగా చెప్పుకుంటారు. నాకు ఇప్పుడు అందులో ఇంకో సంగతి కనిపిస్తోంది. ఆ మనిషికి ఏది తగునో తేల్చేముందు ఆ మనిషిని విన్నారు. నేను ఈ పిల్ల ఫిడేలు ఏడేళ్లు విన్నాను. పిల్లని ఎప్పుడు విన్నాను?

అమెరికన్ తత్వవేత్త ఎల్. ఏ. పాల్ 2014లో రాసిన పుస్తకంలో, మనిషినే మార్చేసే అనుభవాల గురించి ఒక చిక్కు చూపిస్తారు. బిడ్డని కనడంలాంటివి. నాకేది ఇష్టమో చూసుకుని నిర్ణయించుకుంటాను అందామంటే, ఆ అనుభవం అయ్యాక ఇష్టాలే మారిపోవచ్చు. పదిహేనేళ్ల పిల్ల విషయంలో ఈ చిక్కు రెట్టింపు. ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్నా మారిపోయే వయసు అది. సరిపోతుందా అంటే ఎవరికి? ఇవాళ గుడ్డతో తీగెలు తుడుస్తున్న పిల్లకా, జూన్‌లో తిరిగొచ్చే పిల్లకా?

అందుకే కాబోలు, ఏ దారీ మూసెయ్యకుండా ఉంచడమే పెద్దల బాధ్యత అంటారు చాలామంది. జోయెల్ ఫైన్‌బర్గ్ అనే తత్వవేత్త 1980లో దీన్ని పిల్లల హక్కుగానే రాశాడు. రేపు తన బతుకు తనే ఎంచుకునేందుకు వీలుగా పిల్లల భవిష్యత్తుని తెరిచి ఉంచాలని. ఆ తండ్రి అతన్ని చదివి ఉండరు, కానీ ఆయన మాటా అదే. "ముందు ఇంటర్ కానివ్వండి, సంగీతం ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. బీరువా మీదకి. "సంగీతం మానిపిస్తున్నాం" అని ఇన్నేళ్లలో ఒక్క తల్లీ తండ్రీ నాతో అనలేదు. "ఈ రెండేళ్లూ ఆపుదామండీ" అంటారు. అన్నప్పుడు నిజంగానే అనుకుంటారు. రెండేళ్లలో వేళ్ల కొసల కాయలు మెత్తబడతాయి, తీగె బిరుసెక్కుతుంది, శ్రుతి తప్పితే చెవికి తెలుస్తుంది గానీ చెయ్యి మాట వినదు. అప్పటికి ఇంజనీరింగు మొదటి సంవత్సరం. మన దగ్గర సంగీతాన్ని వద్దనుకోవాలంటే ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. నిర్ణయం తీసుకోకపోతే చాలు. అన్ని తలుపులూ తెరిచి ఉంచామనుకునే దారిలో ఒక తలుపు చప్పుడు లేకుండా మూసుకుపోతుంది.

అలాగని శిబిరం పుణ్యక్షేత్రమేమీ కాదు. పదహారేళ్లప్పుడు నన్నూ ఒకదానికి పంపించారు. మా ఊళ్లో నేనే మొదటిదాన్ని. అక్కడ నలభైమందిలో ఎక్కడో మధ్యలో ఉన్నానని మూడో రోజుకే తెలిసింది. తెలియడం తప్పని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఎప్పటికైనా తెలియాల్సిందే. తెలిసిన తర్వాత ఏం చెయ్యాలో అక్కడ ఒక్కరూ చెప్పలేదు, తప్పు అక్కడుంది. వాళ్ల దగ్గర ఒక్క మెట్లదారే ఉంది, పైన వేదిక. ఎక్కలేనివాళ్లకి సంగీతంలో చోటు ఎక్కడో వాళ్లకీ తెలీదు. పాఠాలు చెప్పడం కూడా సంగీతమేనని నమ్మడానికి నాకు పదేళ్లు పట్టింది.

కాబట్టి శిబిరానికి ఫోన్ చేసినప్పుడు, మీ దగ్గర ఎంత పెద్ద విద్వాంసులు వస్తారని అడగలేదు. వెనకబడిన పిల్లతో ఏం చేస్తారని అడిగాను. చెయ్యి నొప్పెడితే ఆపనిస్తారా, ఇంటికి వెళ్లిపోతానంటే పంపిస్తారా అని అడిగాను. 36 మంది పిల్లలు, ఐదుగురు గురువులు. రోజూ సాయంత్రం ఒక గంట ఎవరి సాధకం వాళ్లది, ఎవరూ దిద్దరట. అది నచ్చింది. ఆఖరిరోజు కచేరీకి మాత్రం ఎనిమిదిమందినే ఎంచుతారట. అది నచ్చలేదు.

మర్నాడు పాఠానికి వచ్చినప్పుడు పిల్లని అడిగాను. "వెళ్తావా" అని అడగలేదు. అలా అడిగితే ఆ వయసు పిల్లలు ఎదుటివాళ్ల మొహం చూసి జవాబు చెప్తారు.

"అక్కడ నీకన్నా బాగా వాయించేవాళ్లు చాలామంది ఉంటారు. ఆఖరి కచేరీకి నిన్ను తీసుకోకపోవచ్చు. ఏం చేస్తావు?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఏడుస్తాను టీచర్. అమ్మకి ఫోన్ చేస్తానేమో." ఇంకాసేపు ఆగి, "మీరు కీర్తన వాయించేటప్పుడు మాట విరిగే చోటే కమాను తిప్పమంటారు కదా. అక్కడ చాలామందికి తెలుగు రాదు. వాళ్లు ఎక్కడ తిప్పుతారో చూడాలనుంది" అంది.

త్యాగరాజ కీర్తనలు వాయిస్తూ, చెప్తూ ఇంత వయసొచ్చింది నాకు. అర్థం తెలియని చెవికి మాట ఎక్కడ విరుగుతుందో నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు. నా పాఠంలోంచే పుట్టింది గానీ నాది కాదు. బాణీ పోతుందని ఇంతసేపూ నేను పడ్డ భయానికి అక్కడే కొంచెం సిగ్గేసింది.

సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి నాకు తెలిసినంతవరకే చెప్పాను. మీ అమ్మాయి విద్వాంసురాలవుతుందో లేదో చెప్పలేను. శిబిరంలో మంచి ఇది, చెడు ఇది. తనకి అక్కడ వెతుక్కోవాల్సింది ఒకటుంది, అది మనమెవరం ఇచ్చింది కాదు. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదలుపెట్టడం నేను ఎక్కువసార్లు చూడలేదు. బ్రిడ్జి కోర్సు పోతే ఎంత నష్టమో మాత్రం నన్నడక్కండి, నాకు తెలీదు.

"ఆ ప్రశ్నేదో నాకు చెప్పలేదే" అన్నారాయన.

"మీరడిగారా?" అనబోయి ఆగిపోయాను. నేనడిగింది ఆ పొద్దుటే.

ఆదివారం రైలెక్కుతోంది. శిబిరం తనకి సరిపోయిందో లేదో జూన్‌లో కూడా నాకు తెలీకపోవచ్చు. వాళ్లు కమాను ఎక్కడ తిప్పుతున్నారో మాత్రం వచ్చి చెప్పమన్నాను.