మిగులు మన సొత్తు కాదు



వరంగల్లు నుండి మన మరిపెడకు వచ్చునపుడు మామునూరు విమానాశ్రయ స్థలమును దాటి వత్తుము. ఈ రహదారిపై జీపులో డీజిలు అయిపోయినచో త్రోవప్రక్కన నిలిపి, డబ్బాతో తెచ్చుకొనవచ్చును. ఆకాశమున త్రోవప్రక్క యనునది లేదు. కావున వైమానికుడు ఇంధనపు లెక్కను నేలమీదనే ముగింపవలెను.

శిక్షణకు వాడు సెస్నా 152 అను ఇద్దరు కూర్చుండు చిన్న విమానమును చూడుడు. దాని ట్యాంకులలో సుమారు 98 లీటర్ల ఇంధనము పట్టును. అందు ఐదారు లీటర్లు ఇంజనుకు అందక అడుగుననే నిలిచిపోవును. తక్కిన దానిలో గమ్యమునకు వలసినది, ఎదురుగాలికి వలసినది, అక్కడ దిగ వీలుకానిచో మరియొకచోటు చేరుటకు వలసినది లెక్కింపవలెను. ఆపైన ముట్టరాని మిగులు ఉండవలెను. కంటిచూపుతో నడుపు చిన్న విమానములకు అమెరికా నియమము పగలు 30 నిమిషముల, రాత్రి 45 నిమిషముల మిగులును విధించినది. ముల్లును మాత్రమే నమ్మక, ట్యాంకులో కొలకర్ర ముంచి చూచుట మంచి వైమానికుని పద్ధతి.

పెద్ద విమానమునకును ధర్మమిదియే. 2016 నవంబరు 28న బ్రెజిలు దేశపు షాపెకోయెన్సె ఫుట్‌బాలు జట్టుతో లామియా సంస్థ విమానము బొలీవియా నుండి కొలంబియాకు బయలుదేరెను. ప్రయాణపత్రములో ప్రయాణకాలము 4 గంటల 22 నిమిషములు; ఇంధనము నిలుచు కాలమును అంతియే. మిగులు సున్న! నడుమ దిగి నింపుకొనలేదు. గమ్యము చేరువలో నాలుగు ఇంజనులును ఆగిపోయెను. 77 మందిలో 71 మంది మరణించిరి. నడిపినవారు నియమము తెలియని వారు కారు.

సోదరులారా, ఆ మిగులు నడుపువాని సొత్తు కాదు. వెనుక కూర్చున్నవారి ప్రాణము. దానిని ఖర్చుచేయుట, నమ్మి అప్పగించిన నిక్షేపమును హరించుటయే. కాయకమనగా కూటికొరకు చేయు పని మాత్రమే కాదు. ఎవరికై చేయుచున్నామో వారియెడ దాసోహభావము. అట్టివానికి కొలకర్ర ముంచి చూచుటయు పూజయే.

“ఏమీ కాదులే, శివుడు చూచుకొనును” అని బయలుదేరుట భక్తి కాదు. అది మన సోమరితనమును శివునిపై మోపుట. ఇంటిల్లిపాదిని బండిలో ఎక్కించుకొని యాత్రకు పోవునపుడైనను, పదిమంది బరువును తలకెత్తుకొన్నపుడైనను ముందుగా కొలిచి చూడుడు. చాలదని తెలిసినచో నడుమ ఆగుటకు సిగ్గుపడకుడు. ఆగినవాడు ఆలస్యముగానైనను ఇల్లు చేరును.