వాన సంగతి, మన సంగతి

మా శింగనమల వైపు ఎవరినైనా "ఎట్లుండావప్పా?" అని అడిగి చూడండి. "ఏముంది, వానే ల్యాకపాయె" అంటాడు. మీరడిగింది అతని సంగతి, అతను చెప్పింది ఆకాశం సంగతి. ఎండిన బోరు, తాకట్టుపడ్డ గాజులు, పట్టని నిద్ర అన్నీ ఆ ఒక్క ముక్కలోనే ఇమిడిపోతాయి. ఇది మర్యాదా, దాపరికమా?

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో కొందరు కవులు దీనికి ఎదురుదారి పట్టారు. యుద్ధం గెలిచిన దేశం, కార్లకూ రిఫ్రిజిరేటర్లకూ కొదవలేదు. వాన మీద నెపం పెట్టే వీలు వాళ్ళకు లేదు పాపం! రాబర్ట్ లోవెల్ 1959లో 'లైఫ్ స్టడీస్' వేసి, తండ్రి చేతకానితనాన్నీ, తాను పిచ్చాసుపత్రిలో గడిపిన రోజుల్నీ ముసుగు లేకుండా చెప్పేశాడు. రోజెంతాల్ అనే విమర్శకుడు దాన్ని 'ఒప్పుకోలు' అన్నాడు. ఆ పేరే నిలిచింది. ఆ బాటలో నడిచిన సిల్వియా ప్లాత్ 1963లో, ఆన్ సెక్స్‌టన్ 1974లో తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. కవిత్వమే చంపిందనకండి. సెక్స్‌టన్ రాయడం మొదలుపెట్టిందే వైద్యుడి ప్రోత్సాహంతో.

నన్ను బాధించేది ఇంకొకటి. తాను విడిచిపెట్టిన భార్య ఎలిజబెత్ హార్డ్‌విక్ ఉత్తరాలను, మాటలు మార్చి మరీ, లోవెల్ 1973లో 'ది డాల్ఫిన్'లోకి ఎక్కించాడు. ఆమెను అడగలేదు. స్నేహితురాలు, కవయిత్రి ఎలిజబెత్ బిషప్ అచ్చుకు ముందే వద్దని రాసింది, వినలేదు. మరుసటేడు పులిట్జర్ బహుమతి! ఒప్పుకున్నది ఒకరు, వీధిన పడ్డది ఇంకొకరు.

మనవాళ్ళు ముసుగు వదల్లేదు. ఆలూరి బైరాగి 'నూతిలో గొంతుకలు' (1955)లో తన చీకటిని హామ్లెట్ చేత, అర్జునుడి చేత, రాస్కల్నికోవ్ చేత పలికించాడు. ఈ శింగనమల మండలంలోని తరిమెలలోనే పుట్టిన విద్వాన్ విశ్వం, కరువుసీమ బాధనంతా 'పెన్నేటి పాట' (1956)లో రంగడికీ గంగమ్మకూ అప్పజెప్పాడు. అందులో విశ్వం సొంత దుఃఖం ఎంతో కొలవలేం. ఫలానా ఇల్లని వేలెత్తి చూపనూ లేం. నా ఓటు ఈ పద్ధతికే, కవిత్వం వరకూ.

బతుకులో మాత్రం కాదు. వాన మాటే చెప్పి, లోపలి మాట మింగేసి, ఈ జిల్లాలో ఎందరు రైతులు వెళ్ళిపోయారో! వాళ్ళలో ఒక్కడు ఏదో ఒక రాత్రి "నాకు బతకాలని లేదప్పా" అని నోరు విప్పి ఉంటే, ఇంటి పరువేమవుతుందని నేను అడగను. లోవెల్ వేలమందికి చెప్పుకున్నాడు. ఇతనికి అంతమంది అక్కర్లేదు. అరుగు మీద పక్కన కూర్చుని, విన్నది ఇంకోచోట చెప్పనివాడు ఒక్కడు చాలు. అలాంటివాళ్ళు తగ్గిపోయారా అంటే ఏమోనండీ, అరుగులైతే తగ్గిపోయాయి.