ఇంజను దించకు అల్లుడూ

అల్లుడూ,

మీ నాన్నగారి అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని నీకు బుద్ధి పుట్టినందుకు సంతోషం. కానీ ఇంజను దించి బోరు చేయించడానికి ఒప్పేసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దానికి మాత్రం ఆగు. పొద్దున సెల్ఫ్ కొడితే అందుకుంటోంది, రెండు నిమిషాలు ఆడి వణికి ఆగిపోతోంది, ఎక్సలేటర్ తొక్కితే దగ్గుతోంది, పికప్ లేదు. ఇవేగా నువ్వు చెప్పినవి? వీటిలో ఏ ఒక్కటీ ఇంజను అరిగిపోయిందనడానికి రుజువు కాదు. బోరు అన్నది ఆఖరున అనాల్సిన మాట. ఆ మాట ముందే అనేసిన మెకానిక్కుతో గొడవేం పెట్టుకోకు, వారం ఆగి వస్తానని చెప్పి వచ్చేయ్.

మీ బండిలో ఉన్నది తర్వాత వచ్చిన ఇసుజు ఇంజను కాదు, పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను. దాని పుట్టిల్లు ఇంగ్లండు. బండి ఒళ్లు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది, ఇంజను బీఎంసీ వాళ్ల బీ సిరీస్‌ది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్సు కారుకీ ఇదే 1489 సీసీ ఇంజను పెట్టారంటే నువ్వు నమ్మవు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది గానీ, ఈ ఇంజను గుట్టు తెలియడానికి ఫ్యాక్టరీతో పనిలేదు. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. ఒక ఫీలర్ గేజీ, ఒక టెస్టు ల్యాంపు, నీ కళ్లూ ముక్కూ చాలు.

ఒకటే నియమం పెట్టుకో. ఒకసారికి ఒక్క పనే చెయ్యి, చేశాక స్టార్టు చేసి చూడు, ఏం మారిందో కాగితం మీద రాసుకో. పొగాకు బ్యారన్లో ఆకు రంగు చూసుకుంటూ వేడి ఎట్లా కొంచెం కొంచెం పెంచుతామో తెలుసు కదా, ఇదీ అంతే. ప్లగ్గులు, కాయిలు, కార్బొరేటర్ కిట్టు అన్నీ ఒకే పూట మార్చేస్తే బండి ఒకవేళ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో నీకు తెలియదు. రేపు మళ్లీ మొరాయిస్తే మళ్లీ మొదటికొస్తావు.

ముందు డిప్‌స్టిక్కు లాగి నూనె వాసన చూడు. మీ ఇంజనుకి ఏసీ పంపు, అంటే పెట్రోలు పంపు, పక్కనే బిగించి ఉంటుంది. దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా కింద నూనెలోకి దిగుతుంది. నూనె పలచబడి, మట్టం పెరిగి, పెట్రోలు కంపు కొడుతుంటే ఇంక సెల్ఫ్ ముట్టుకోకు, బేరింగులు పోతాయి. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు. ఏ తేడా లేకపోయినా ఆ నూనె తీసి కొత్తది పొయ్యి, ఇన్నేళ్లు కదలకుండా ఉన్న నూనె.

ఇప్పుడు అసలు సంగతి. అందుకుని రెండు నిమిషాల్లో ఆగిపోతోందంటే నా అనుమానం మొదట పెట్రోలు మీదే. కార్బొరేటర్ గిన్నెలో ఉన్న కాస్తా కాలేదాకా ఆడుతుంది, వెనకనుంచి మళ్లీ రాకపోతే ఆగుతుంది. కాయిలుకి వెళ్లే సన్న వైరు ఊడదీసి, కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు విప్పి సీసాలో పెట్టు. ఎవరినన్నా సెల్ఫ్ కొట్టమను. పెట్రోలు చిమ్మినట్టు, దెబ్బ దెబ్బకీ పడాలి. కన్నీళ్లు కార్చినట్టు పడితే పంపో, పైపో, ట్యాంకో పూడుకుంది. ఆ చుట్టుపక్కల బీడీ ముట్టించే మనిషిని ఉండనీకు.

ట్యాంకు విషయంలో బద్ధకించకు. ఇన్నేళ్లు నిలవున్న పెట్రోలు బంక కడుతుంది, ట్యాంకు అడుగున తుప్పు పొట్టు చేరుతుంది. మొత్తం దించి కడిగించు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాలు ఉంటోంది. నువ్వు మొన్న అమ్మిన మొక్కజొన్నే అట్లా తిరిగి మన ట్యాంకులోకి వస్తుందేమో, ఎవరికి తెలుసు! ఇథనాలు తేమని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది, పైపు పీల్చేదీ అక్కడినుంచే. పాత రబ్బరు పైపులూ డయాఫ్రంలూ ఉబ్బి పగులుతాయి. ట్యాంకు గోడలకంటిన పాత మడ్డిని కూడా కరిగించి తెచ్చి ఫిల్టరులో పడేస్తుంది. అందుకని రబ్బరు పైపులన్నీ కొత్తవి వెయ్యి, చవకలో పోయే పని. ఏసీ పంపు కిట్టు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో వెతికించు. బండి నెలల తరబడి కదలదనుకుంటే ట్యాంకు నింపి వదిలేయకు.

ఇంకో చిన్న పరీక్ష. బండి పావుగంట బాగానే నడిచి ఆగిపోతే, వెంటనే దిగి ట్యాంకు మూత తీసి చూడు. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూత చిల్లు మూసుకుపోయింది. సూదితో పోయే రోగానికి కార్బొరేటర్లు మార్చినవాళ్లను చూశాను. మూత తీసినా ఫలితం లేకుండా, బండి చల్లారాక మాత్రమే స్టార్టయితే కాయిలునో కండెన్సరునో అనుమానించు.

పెట్రోలు బాగా వస్తున్నా దగ్గుతోందంటే కరెంటు చూడాలి. కార్బొరేటర్ పాడైందన్న బళ్లలో చాలావాటికి అసలు జబ్బు డిస్ట్రిబ్యూటర్లోనే ఉంటుందని నా అనుభవం. క్యాపు ఎత్తి పాయింట్లు చూడు. వాడకుండా ఉంటే వాటి మీద సన్నటి పొర కడుతుంది, లైట్లూ హారనూ అన్నీ పనిచేస్తూనే ప్లగ్గుకి మాత్రం నిప్పు రాదు. సన్న ఎమరీ పేపరుతో రుద్ది, శుభ్రమైన కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగు. తర్వాత గ్యాపు 15 థౌ, అంటే మిల్లీమీటరులో నాలుగు పదోవంతులకి కాస్త తక్కువ. దాన్ని గేజీతోనే పెట్టు, కంటి అంచనాతో పెట్టేవాడిని నమ్మకు. పాయింట్లు నీలంగా కాలి గుంటలు పడితే కండెన్సరు మార్చాలి. నిప్పు నీలంగా, టపటపమని రావాలి. పసుపుగా నీరసంగా వస్తే ఒప్పుకోకు.

పికప్ లేకపోవడానికి కూడా అక్కడే ఒక కారణం దాక్కుంటుంది. రోటరుని వేళ్లతో కొంచెం మెలితిప్పి వదులు. స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే అడుగున ఉన్న బరువులు తుప్పుతో పట్టేశాయి, టైమింగు ముందుకి జరగదు, ఎంత తొక్కినా బండి లాగదు. రెండు చుక్కల నూనెతో వదిలిపోవచ్చు.

మీ షెడ్డు పామాయిల్ తోట పక్కన కదా, ఎలుకలకి కొదవుండదు. ప్లగ్గు వైర్లన్నీ వంచి చూడు, ఎయిర్ క్లీనరులో గూడుందేమో చూడు. వైరు ఊడదీసే ముందు ప్రతిదానికీ టేపు అంటించి అంకె వెయ్యి. నిప్పు పడే వరస 1-3-4-2, తారుమారైతే బండి తుపాకీలా పేలుతుంది.

ఇక బండి ఆడుతుండగా రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్గు వైరు తీసి పెడుతూ చూడు. ఏది తీసినా ఇంజను ఇంకా కుంటాలి. తీసినా తేడా రాకపోతే మిస్సింగు ఆ సిలిండర్లోనే. దాని ప్లగ్గుని పక్కదానితో మార్చు. జబ్బు పక్క సిలిండరుకి పోతే ప్లగ్గుదే తప్పు. ప్లగ్గు కొన రంగు కూడా చూడు. లేత గోధుమరంగుంటే ఆరోగ్యం, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది లేదా చోకు పట్టేసింది, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ, నూనె తడి ఉంటేనే రింగుల మీద అనుమానం.

గాలి ఎక్కువైందనిపిస్తే మేనిఫోల్డు గాస్కెట్ అంచుల మీద కాసిని నీళ్లు చిలకరించు. ఆట మారితే గాలి అక్కడే దూరుతోంది. యూట్యూబులో చూసి అక్కడ కార్బ్ క్లీనరు కొట్టకు. ఈ ఇంజనులో కార్బొరేటర్ కూర్చునేది సరిగ్గా పొగ మేనిఫోల్డు పైనే, భగ్గుమంటుంది. కార్బొరేటర్ పాత ఎస్‌యూ రకమైతే పైమూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడు, అది ఎండిపోయినా తొక్కగానే దగ్గుతుంది.

రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోసి పోసి గార కట్టించారు, కడిగించు. థర్మోస్టాట్ ఎవరన్నా పీకేసి ఉంటే తిరిగి పెట్టించు.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక సిలిండరు మొండికేస్తే అప్పుడు కంప్రెషన్ చూపించు. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. తక్కువున్నదాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూడమను. అంకె పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్డు ఒక్కటి దించితే చాలు, బోరుతో పనేలేదు.

బండి ఆడగానే సంబరపడి ద్వారకా తిరుమల బయల్దేరకు. ఇన్నాళ్లు నిలబడ్డ బండికి వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, బ్రేక్ ఆయిలు నీళ్లు పట్టి ఉంటుంది. టైర్లు నిండుగా కనిపించినా పక్కలు పగిలి ఉంటాయి. ఆర్సీ గడువూ చూసుకో, పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. కంప్రెషన్ నాలుగు అంకెలూ రాసుకుని నాకు ఫోన్ చెయ్యి. బోరు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.